వచ్చిపోయే కరెంటు

చిన్న ఇంజను బుర్ర ఇంకా ఎర్రబడలేదు. అది ఎర్రగా కాలితే గానీ ఇంజను అందుకోదు. కురుమయ్య మంట దీపాన్ని దాని కిందికి మరికాస్త జరిపి, ఎడమ చెయ్యి నీళ్ళ తొట్టి అంచుకు ఆనించి ఒంగి చూశాడు. ఎక్కడ నిలబడినా ఆ ఎడమ చేతికి ఏదో ఒక ఆసరా కావాలి. చాలా ఏళ్ళ కింద చక్రం వెనక్కి తన్నినప్పుడు ఇనుపగడ వచ్చి కుడి మోకాలికి తగిలింది. అప్పటినుంచి ఆ కాలు బరువు మొయ్యనంటుంది. గోడో, తొట్టో, మనిషి భుజమో, ఏది అందితే అది పట్టుకుని నిలబడతాడు. పట్టుకున్నానన్న సంగతి కూడా అతనికి తెలియదు.

పాలమూరు చలి ఇనుము మీద ముందుగా తెలుస్తుంది. మిల్లు దొడ్లోకి పల్లికాయ బండ్లు అప్పటికే వచ్చి ఆగాయి. ఎడ్లు తల విదిలిస్తే గంటలు మోగుతున్నాయి గానీ కురుమయ్యకు అవి ఒక్క చెవికే వినబడతాయి. కుడి చెవి ఇంజను పక్కనే నిలబడీ నిలబడీ ఎప్పుడో పోయింది. ఆ వైపు నుంచి పిలిస్తే పలకడు. కొత్తగా చేరిన హమాలీలు గర్వమనుకుంటారు. గర్వమట, కురుమయ్యకు! మోచేతుల దాకా కాలిన మచ్చలు, గోళ్ళల్లో కడిగినా పోని నలుపు, మిల్లు సేటు ఎప్పుడో దసరాకిచ్చిన ఖాకీ అంగీ, దానికి మిగిలినవి రెండే గుండీలు. గర్వపడడానికి అతని దగ్గర ఏముందని?

నడుముకు చెక్కుకున్న ముక్కుపొడి డబ్బా తీశాడు. అందులో ముక్కుపొడి లేదు, కుంకుమ ఉంది. తొట్టిలో వేలు ముంచి, కుంకుమ అద్ది, ఇంజను ముందు భాగాన ఉన్న ఇత్తడి బిళ్ళకు గుండ్రంగా బొట్టు పెట్టాడు. పొద్దున నడిపేముందు బొట్టు, సాయంత్రం ఆపినాక రెండు చేతులతో ఇనుమును ముట్టి కళ్ళకద్దుకోవడం. ఇంజను నడుస్తుంటే ముట్టకూడదు, ఆగితే ముట్టి దండం పెట్టుకోవాలి. మిల్లులో చేరినప్పుడు పాత డ్రైవరు నేర్పిన పద్ధతి ఇది. ఒక్కనాడూ తప్పలేదు. ఊళ్ళో గుడి మెట్టు తొక్కనివ్వని కులం అతనిది. ఇక్కడ ఈ నల్లటి ఇనుప దేవుడికి మాత్రం పూజారి అతనే. మసిలోకి, నూనెలోకి వచ్చి ఈ పూజ మాకు కావాలని పోటీపడే వాళ్ళెవరూ లేరు.

బుర్ర ఎర్రబడింది. గడను చక్రం కన్నంలో దూర్చి, పళ్ళు బిగించి తోశాడు. ఇంజను తుమ్మి ఊరుకుంది. మళ్ళీ తోశాడు. దగ్గింది. ఇంకోసారి తోసేసరికి టప్పుటప్పుమంటూ అందుకుంది. కురుమయ్య తొట్టి అంచు పట్టుకుని ఆయాసం తీర్చుకున్నాడు. ఈ మధ్య ఆ ఆయాసం తొందరగా తగ్గడం లేదు.

ఇంజను రూములో మరో పక్క పెద్ద ఇంజను ఉంది. దాన్ని ఎల్లస్వామి మేస్త్రి చూసుకుంటాడు. పెద్ద ఇంజను తిప్పే డైనమో కరెంటుతో నూనె తీసే మిషన్లు నడుస్తాయి. చిన్న ఇంజను కరెంటుతో కాయ ఒలిచే మిషన్లు, దీపాలు. అన్నీ పెద్దదాని మీదే వేద్దామంటే డైనమో వేడెక్కి కమురు వాసన వస్తుంది. అందుకే రెండు ఇంజన్లు, ఇద్దరు మనుషులు. ఇన్నాళ్ళూ అట్లాగే నడిచింది.

జర్మనీవాడి లడాయి వచ్చి నడవనివ్వకుండా చేసింది. ఇంజను నూనెకు పర్మిట్లు పెట్టారు. ఇచ్చే నూనె ఒక ఇంజనుకు కూడా బొటాబొటీ. సేటు పట్నం నుంచి ఒక ఇంజినీరును మాట్లాడుకున్నాడు. ఆ ఇంజినీరు ముందుగా ఒక డబ్బా పంపాడు. రైల్లో వచ్చింది. బండి మీద మిల్లు వాకిట్లో దిగినప్పుడు సేటు గేటు దగ్గరే టెంకాయ కొట్టి, లోపలికి తీసుకుపొమ్మని చెప్పి వెళ్ళిపోయాడు. గోడ పక్కన ఇటుక దిమ్మె కట్టి దాని మీద నిలబెట్టారు. బూడిదరంగు ఇనుప డబ్బా, జొన్నలు పోసుకునే రేకు డబ్బాకన్నా కాస్త చిన్నది. పైన మూడు తెల్ల పింగాణీ కుదుళ్ళు, ఒక్కోదాని నెత్తిన ఒక ఇత్తడి బొడిపె. దాని పేరు కండెన్సర్ అని ఎల్లస్వామి చెప్పాడు. ఎవరికీ నోరు తిరగలేదు. డబ్బా అన్నారు.

ఆ డబ్బా పనిచేస్తే చిన్న ఇంజను బంద్. ఇంజను బంద్ అయితే కురుమయ్య బంద్. మిల్లు వెనక రేకుల కింద వాళ్ళుంటున్న జాగా పనివాళ్ళ జాగా. పని లేనివాడు అక్కడ ఉండడానికి లేదు. మరి ఎక్కడికి పోవాలి? సొంత ఊరికే. అతని ఊరు అచ్చంపేట దిక్కు, అడవి అంచున. అక్కడ దొరకు వెట్టి చెయ్యాలి. అతని తండ్రి చేశాడు, తాతా చేశాడు. కురుమయ్య కూడా మీసాలు వచ్చేదాకా చేశాడు. ఒకనాడు దొర చుట్టం రైలెక్కాలంటే, ఆయన బండిలో కూచుంటే, పెట్టె నెత్తిన పెట్టుకుని పక్కన నడుస్తూ పాలమూరు స్టేషను దాకా వచ్చాడు. రైలు పోయింది. బండి వెనక్కి మళ్ళింది. కురుమయ్య మళ్ళలేదు. అప్పుడు ఈ మిల్లు గోడలు లేస్తున్నాయి, రాళ్ళు మొయ్యడానికి మనుషులు కావాలన్నారు. కొన్నాళ్ళకు నాగులమ్మ కూడా చంకలో బిడ్డతో వచ్చి చేరింది. ఆ బిడ్డ ఇప్పుడు జడ్చర్ల దగ్గర అత్తగారింట్లో ఉంది. మిల్లుకు వచ్చినాక కురుమయ్య ఎవరి ముందూ బాంచెనని, నీ బానిసనని అనలేదు. సేటు కోపిష్టే, కూలి తక్కువే, అయినా ఆ మాట అనాల్సిన అవసరం రాలేదు. ఈ వయసులో మళ్ళీ ఆ మాట అనాలంటే అతనికి భయంగా ఉంది. వారం రోజులుగా అన్నం సయించడం లేదు.

ఇంజినీరు పొద్దెక్కాక టాంగా దిగాడు. కుర్రవాడే. మడత నలిగిన ప్యాంటు, కళ్ళ కింద నలుపు. పర్మిట్ల దెబ్బకు మిల్లు మిల్లుకూ ఇదే పని మీద తిరుగుతున్నాడట, నిన్న రాత్రి రైల్లో నిలబడే వచ్చాడట. సంచిలోంచి మీటర్లు తీస్తూ ఆవలిస్తూనే ఉన్నాడు. ఉర్దూలో ఎల్లస్వామితో మాట్లాడుతూ, కురుమయ్య కనబడితే తెలుగులోకి దిగాడు. చిన్న ఇంజను ఆపమన్నాడు. కాసేపు మొత్తం మిల్లు పెద్దదాని మీద వేసి చూడాలన్నాడు.

కురుమయ్య నూనె కట్టేశాడు. చిన్న ఇంజను నెమ్మదించి, నెమ్మదించి ఆగింది. పని నడుమ ఆగడం దానికి అలవాటు లేదు. అతనికీ లేదు. చేతులేం చెయ్యాలో తెలియక తువ్వాలతో చక్రం తుడుస్తూ నిలబడ్డాడు.

ఎల్లస్వామి ఒక్కొక్క మోటారునే కలిపాడు. బోర్డు మీద మీటరు ముల్లు లేచి, ఎర్ర గీత దాటి పోయింది. కురుమయ్యకు అంకెలు రావు గానీ ఎర్ర గీత తెలుసు. ఇంజినీరు డెబ్బై రెండు ఆంపియర్లని ఒకటి రాసుకుని, తాను తెచ్చిన ఇంకో మీటరు చూసి ముప్పై కిలోవాట్లని ఇంకొకటి రాసుకున్నాడు. తర్వాత కాగితం జేబులో పెట్టి, సుద్దముక్కతో నేల మీదే కూచున్నాడు. కుర్చీ తెమ్మంటావా సాబ్ అని ఎల్లస్వామి అంటే వద్దన్నాడు.

ఎల్లస్వామి అడిగినదానికల్లా ఇంజినీరు విసుక్కోకుండా చెప్పాడు. అది మాత్రం ఆ పిల్లవాడిలో మెచ్చుకోవాల్సిన సంగతి. డైనమో పంపే కరెంటంతా పని చెయ్యదట. కొంత మోటార్లను తిప్పుతుంది, అది పని కరెంటు. కొంత మోటారు లోపలికి పోయి, దాన్ని అయస్కాంతం చేసి, మళ్ళీ వెనక్కి వస్తుంది, మళ్ళీ పోతుంది. చేసే పని ఏమీ లేదు. కానీ తీగల నిండా అదే. డైనమో వేడెక్కేది దాని వల్లనే. ఇంజనుకు ఇంకా బలం ఉన్నా డైనమో మొయ్యలేకపోతోంది.

నాలుగు వందల ఓల్టులను డెబ్బై రెండుతో, మళ్ళీ మూడు తీగల లెక్కకు దగ్గర దగ్గర ఒకటీముప్పాతికతో హెచ్చవేసి, వేలల్లో యాభై అన్నాడు. డైనమో మోస్తున్నది అది. అందులో పని ముప్పై. మిగిలింది ఎంత అని ఎల్లస్వామినే అడిగాడు. ఎల్లస్వామి ఇరవై అన్నాడు. ఇంజినీరు నవ్వి, సీదా తీసేస్తే రాదన్నాడు. అడ్డంగా ఒక గీత గీసి ముప్పై అని రాశాడు. దాని చివర నిలువుగా ఇంకో గీత గీశాడు. రెండు కొసలనూ ఏటవాలు గీతతో కలిపి యాభై అని రాశాడు. నిలువు గీత పక్కన నలభై.

కురుమయ్య ఆ మూడు గీతలను చూశాడు. వాటిని అతను ఎరుగును. ఈ గోడ మూల పట్టేటప్పుడు తాపీ మేస్త్రి తాడుకు ముళ్ళు వేసి, ఇటు మూడు మూరలు, అటు నాలుగు మూరలు, ఐమూలగా ఐదు మూరలు లాగించి, తాడు కొస కురుమయ్య చేతికే ఇచ్చాడు. మూల సరిగ్గా వచ్చిందని ఆనాడు అందరూ సంతోషపడ్డారు. అదే తాడు ఇప్పుడు సుద్దగీతలై నేల మీద ఉంది.

ఈ నలభై ఉన్నదే, ఇది వట్టిదని ఇంజినీరు సుద్దతో పొడిచాడు. వట్టిగా పోయి వట్టిగా వస్తుంది. ఎల్లస్వామి వెనక్కి తిరిగి, గుమ్మంలో గుంపుగా నిలబడ్డ హమాలీలకు అర్థమయ్యేట్టు దాన్ని వెట్టి కరెంటని చెప్పాడు. అందరూ తలూపారు. కురుమయ్యకు ఆ మాట నచ్చలేదు. వెట్టివాడు పని చేస్తాడు. చేసినదానికి కూలి రాదు, అంతే. ఇదేమో పనే చెయ్యదు. బండిలో కూచుని పోయి, బండిలో కూచుని వచ్చే దొర చుట్టం ఇది. బరువంతా ఎడ్లకు. అట్లా అనుకోగానే అతనికి లోపల నవ్వొచ్చింది. వారం రోజుల్లో మొదటిసారి.

డబ్బా చేసేదేమిటంటే, ఆ చుట్టాన్ని ఇక్కడే దించుకుంటుంది. మోటార్లకు కావలసిన వచ్చిపోయే కరెంటును తాను దాచుకుని ఇస్తుంది, మళ్ళీ పుచ్చుకుంటుంది. డైనమో దాకా దాన్ని పోనివ్వదు. ఎంత ఇచ్చిపుచ్చుకుంటుందో ఇంజినీరు లెక్క కట్టాడు. డబ్బా తీగలో ముప్పై ఆరు ఆంపియర్లు పోతాయి. ఓల్టులతో, మూడు తీగల లెక్కతో హెచ్చవేస్తే ఇరవై ఐదు. నలభైలో ఇరవై ఐదు డబ్బా చూసుకుంటే డైనమోకు మిగిలేది పదిహేను. నిలువు గీతను పైనుంచి తుడిచి పొట్టిగా చేశాడు. ఏటవాలు గీత కూడా కుంగింది. ముప్పై మూడు, ముప్పై నాలుగు. ఆంపియర్లలోకి మారిస్తే ముల్లు నలభై ఎనిమిది దగ్గరికి రావాలన్నాడు.

లేచి, ప్యాంటు దులుపుకుని, డబ్బా స్విచ్చి వేశాడు.

బోర్డు మీద ముల్లు ఒకసారి వణికి, ఎర్ర గీత ఇవతలికి దిగింది. ఇంకా దిగింది. నలభై ఎనిమిది దగ్గర నిలబడింది. హమాలీలు అబ్బో అన్నారు. ఎల్లస్వామి ముఖం వెలిగింది. కురుమయ్య ఎడమ చెవి పెద్ద ఇంజను వైపు పెట్టి విన్నాడు. దాని మూలుగు మారలేదు. ఎక్కువా లేదు, తక్కువా లేదు. డబ్బా తీగలో వేరే మీటరు పెట్టి చూస్తే ముప్పై ఆరు పోతోంది, పని చూపించే మీటరు ముల్లు మాత్రం సున్నా మీద నుంచి లేవలేదు. అంత కరెంటు తాగుతూ డబ్బా ఏ చప్పుడూ చెయ్యడం లేదు. పొగ లేదు, వేడి లేదు. దానికి నూనె పొయ్యనక్కర్లేదు, మంట పెట్టనక్కర్లేదు. మనిషే అక్కర్లేదు.

కురుమయ్య తొట్టికి నీళ్ళు తెస్తానని బిందె తీసుకుని బావి దగ్గరికి పోయాడు. ఆ ఇంజనుకు ఇక నీళ్ళు అవసరం లేదన్నది అప్పుడు అతనికి గుర్తుకు రాలేదు.

అతను బావి దగ్గర ఉన్నప్పుడే ఇంజినీరు డబ్బా స్విచ్చి తీసేసి, మీటరు తీగలు విప్పబోయాడు. విప్పేముందు సంచిలోంచి కట్టెపిడి ఉన్న రాగితీగ ఒకటి తీసి, ఇత్తడి బొడిపెలకు అటూ ఇటూ తాకించాడు. టప్పుమని తెల్లటి మెరుపు. తీగను మళ్ళీ సంచిలో పడేసి, మీటరు విప్పి, డబ్బా స్విచ్చి తిరిగి వేశాడు. ఎల్లస్వామి చూశాడు. అదీ ఏదో పరీక్షేనని అనుకున్నాడు. అడగలేదు. ఇంజినీరు చెప్పలేదు. ఆ చేతికి అది ఎంత అలవాటైపోయిందంటే, నోటితో చెప్పాల్సిన సంగతి అని ఆ నిద్రకళ్ళ పిల్లవాడికి తోచలేదు.

టాంగా ఎక్కేముందు జాగ్రత్తలు మాత్రం చెప్పాడు. ఇంజను ఆపేముందు డబ్బా స్విచ్చి తియ్యాలి. డబ్బా మీద దుమ్ము చేరనివ్వకూడదు. అప్పుడే బిందెతో వస్తున్న కురుమయ్యను చూసి ఆగి, మర్యాదగానే అన్నాడు.

“బాబా, చాలూ ఉన్నప్పుడు దాన్ని ముట్టొద్దు. జాన్ పోతది.”

కురుమయ్య తలూపాడు. నడిచేదాన్ని ముట్టకూడదని అతనికి ఒకరు చెప్పాలా?

మధ్యాహ్నం నాగులమ్మ జొన్న రొట్టెలు, పల్లికారం తెచ్చింది. ఆమె దొడ్లో పల్లికాయ చెరుగుతుంది. తల మీద, కనుబొమ్మల మీద పొట్టు దుమ్ము. నుదుటి మీద పావలా అంత బొట్టు ఒక్కటే ఆ దుమ్ములో శుభ్రంగా ఉంటుంది. చెయ్యి ఖాళీ అయినప్పుడల్లా దాన్ని తుడుచుకుంటుంది కాబట్టి. ఇద్దరూ గోడనీడన కూచున్నారు. లోపల పెద్ద ఇంజను ఒక్కటే నడుస్తోంది. చిన్నదాని చప్పుడు లేకపోయేసరికి దొడ్డంతా వెలితిగా ఉంది.

“వేరే పని అడిగినవా?” అంది నాగులమ్మ.

“అడగలే.”

“ఎప్పుడడుగుతవ్? ఊరికి వోయినంకనా?”

కురుమయ్య రొట్టె తుంపి చేతిలోనే పట్టుకున్నాడు. అడిగితే లేదంటారేమో, అడగకపోతే రేపొక్క రోజైనా ఉండనిస్తారేమో అన్నది అతని లెక్క. నాగులమ్మకు ఆ లెక్క తెలుసు. అందుకే ఇక కసరలేదు. తన రొట్టెలోంచి సగం విరిచి అతని ఒళ్ళో పెట్టి, నిన్న బజారులో ఊరి మనిషి కనబడ్డాడని చెప్పింది. దొర ముసలివాడైనాడట. కొడుకు దొరతనం ఇంకా అన్యాయమట. మోకాలు చచ్చిన వాడికి ఏం పని చెప్తారో అని కురుమయ్య అడగలేదు. దొర గడీలో రాత్రంతా పంకా తాడు లాగడానికి మోకాళ్ళు అక్కర్లేదు. అతని తండ్రి చివరి రోజుల్లో చేసిన పని అదే.

సాయంత్రం దాకా చిన్న ఇంజనును తుడిచాడు. ఎన్నడూ చెయ్యి దూరని సందుల్లో కూడా తువ్వాల కొస దూర్చి తుడిచాడు. నూనె పోసే ముక్కు కుప్పెలో మిగిలినది చక్రం ఇరుసుకు పోశాడు, ఊరికే నిలబడి తుప్పు పట్టకుండా. అలసట కాళ్ళలోంచి పైకి వచ్చింది. ఏ పనీ చెయ్యని రోజు ఇంత అలసట ఎందుకో అతనికి అర్థం కాలేదు.

పొద్దు వాలుతుండగా ఎల్లస్వామి బీడీ ముట్టించుకుని గుమ్మంలో కూచున్నాడు. కురుమయ్య దగ్గరికి పోయి, ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు.

“మేస్త్రీ, గా డబ్బాను ఎవలు జూస్తరు?”

“దానికి జూసేదేముంది కురుమా? నూనె తాగదు, నీళ్ళు తాగదు.”

“దుమ్ము వడదా?”

ఎల్లస్వామి తలెత్తి చూశాడు. ముసలివాడి చేతిలో తువ్వాల ఇంకా అట్లాగే ఉంది. ఎల్లస్వామి చెడ్డవాడు కాడు. ఇంజినీరు పోయినప్పటినుంచి ఇతని కంట పడకుండా తిరుగుతున్నది ఎందుకో అతనికే తెలుసు. బీడీ రెండు దమ్ములు పీల్చి, నేలకు రాసి ఆర్పేశాడు.

“వడతది. పల్లి పొట్టు పడని జాగా ఏడుంది ఈడ? దుమ్ము చేరనియ్యొద్దని సాబ్ గూడ అన్నడు గద. సేటుకు నేను చెప్త. రేపటిసంది డబ్బా తుడుసుడు, రూము ఊడుసుడు నీ పనే. జాగా ఖాళీ జేసుడేం లేదు. ఫికర్ చెయ్యకు, పో.”

కురుమయ్యకు ఏడుపొచ్చింది. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నాగులమ్మకు చెప్పాలని వెంటనే దొడ్లోకి చూశాడు గానీ ఆమె అటు మూల పొట్టు కుప్ప వెనక ఉంది. పని అయినాక చెబుదామనుకున్నాడు.

మిల్లు కట్టేసే వేళ అయింది. ఎల్లస్వామి ఇంజినీరు చెప్పినట్టే ముందుగా డబ్బా స్విచ్చి తీశాడు. తర్వాత ఒక్కొక్క మోటారు. తర్వాత ఇంజను. చక్రం నెమ్మదించి నిలిచిపోయింది. దీపాలు ఆరిపోయాయి. ఎల్లస్వామి కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి బావికి పోయాడు.

రూములో కురుమయ్య ఒక్కడే ఉన్నాడు. పై కిటికీలోంచి ఎర్రటి వెలుతురు వస్తోంది. చిన్న ఇంజను దగ్గరికి పోయి రెండు అరచేతులూ దాని మీద ఆనించి కళ్ళకద్దుకున్నాడు. ఇనుము చల్లగా ఉంది. సాయంత్రం పూట అది అంత చల్లగా ఉండడం ఎన్నడూ లేదు.

తర్వాత డబ్బా వైపు తిరిగాడు. పొద్దుటినుంచి దాని మీద ఉన్న కోపం ఇప్పుడు లేదు. పాపం, అది మాత్రం ఏం చేసింది? కొత్తగా వచ్చిన జీవం. గేటు దగ్గర టెంకాయ కొట్టి పోయారే గానీ లోపలికి వచ్చి ఒక బొట్టు పెట్టినవాడు లేడు. పొద్దున ఇంజినీరు తొందరలో తనకూ గుర్తు రాలేదు. రేపటినుంచి అన్నం పెట్టేది అదే. మొదటి రోజు బొట్టు లేకుండా పడుకోబెట్టడం అతనికి మనసొప్పలేదు.

ఆగింది కదా అని ఒకసారి చూసుకున్నాడు. స్విచ్చి కత్తులు కిందికి వేలాడుతున్నాయి. చక్రాలు కదలడం లేదు. అంతా ఆగింది.

తువ్వాలతో డబ్బా పక్కలు తుడిచాడు. తొట్టిలో వేళ్ళు ముంచి, కుంకుమ తడిపి, ఇటుక దిమ్మె మీదికి ఎక్కాడు. మొదటి ఇత్తడి బొడిపెకు జాగ్రత్తగా, గుండ్రంగా బొట్టు పెట్టాడు. ఏమీ కాలేదు. మళ్ళీ వేలికి కుంకుమ అద్దుకున్నాడు. నడిమి బొడిపె కాస్త దూరం. దాన్ని అందుకోవడానికి ముందుకు ఒంగితే కుడి మోకాలు మొండికేసింది. ఎడమ చెయ్యి తన అలవాటు కొద్దీ ఆసరా కోసం చాచుకుని, చివరి బొడిపెను గట్టిగా పట్టుకుంది. కుడిచేతి వేలు నడిమిదాన్ని తాకింది.

పెద్ద చప్పుడేమీ రాలేదు. బావి దగ్గర ఎల్లస్వామికి టప్పుమని వినబడింది. చక్రం మీది తోలుపట్టా జారిందనుకున్నాడు. ఇంజను ఆగాక పట్టా ఎందుకు జారుతుందని ఆ తర్వాత తోచి, తడికాళ్ళతో లోపలికి వచ్చాడు. కురుమయ్య దిమ్మె పక్కన గోడకు చేరబడి కూచున్నాడు. తల ఒక పక్కకు వాలింది, పని మధ్యలో కునుకు తీసినప్పుడు వాలేట్టే. ఎల్లస్వామి పిలిచాడు. కుడి చెవి వైపు నిలబడ్డానని గుర్తొచ్చి, ఎడమ పక్కకు వచ్చి మళ్ళీ పిలిచాడు. నీళ్ళు చల్లాడు. గుండె మీద చెయ్యి పెట్టి చూశాడు.

“ఆగిందే గద,” అన్నాడు ఎవరితోనో. “అన్నీ ఆగినయే గద.”

అప్పుడు పొద్దుటి తీగ గుర్తొచ్చింది, ఆ తెల్లటి మెరుపు గుర్తొచ్చింది. ఆగిపోయినాక కూడా అది కరెంటును లోపల పట్టుకునే ఉంటుందన్నది అప్పుడు అతనికి తెలిసింది. ఎల్లస్వామి నేల మీద కూలబడ్డాడు. కింద సుద్దగీతలు సగం చెరిగిపోయి ఉన్నాయి.

నాగులమ్మకు ఎవరో కబురు చెప్పారు. ఆమె చేతిలో చాట పట్టుకునే వచ్చింది. ఏడుస్తూ అతని వేళ్ళకున్న కుంకుమను కొంగుతో తుడిచింది. మరి పని దొరికిన సంగతి ఆమెకు ఎల్లస్వామే చెప్పాల్సి వచ్చింది.

మర్నాడు ఒక్కపూట మిల్లు నడవలేదు. ఇంజినీరుకు తంతి పోయింది. అతను వచ్చాడు, ఎవరి ముఖమూ చూడలేదు, డబ్బా పక్కన కట్టెపిడి రాగితీగ ఒకటి మేకుకు తగిలించి, ఎట్లా తాకించాలో ఎల్లస్వామికి మూడుసార్లు చేయించి చూపించి, రాత్రి రైలుకు వెళ్ళిపోయాడు. సేటు దినాల ఖర్చు ఇచ్చాడు. రేకుల జాగా కొత్త పనివాడికి కావాలి కాబట్టి దినాలు అయినాక ఖాళీ చెయ్యమని గుమాస్తాతో చెప్పించాడు.

దినాలు అయిన తెల్లవారి నాగులమ్మ ఇంజను రూము గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నుదురు బోసిగా ఉంది. గాజులు లేని చేతులు కొంగులో చుట్టుకుంది. ఎల్లస్వామి లేచి నిలబడ్డాడు. ఏం అడిగినా సేటు కాళ్ళు పట్టుకునైనా ఇప్పించాలని అప్పటికే అనుకుని ఉన్నాడు. కానీ ఆమె అడగబోయేది అదని అనుకోలేదు.

“డబ్బా తుడుసుడు నాకియ్యి మేస్త్రీ. ఆయనకు ఇచ్చిన పనే గద. నేను ఊరికి వోను.”

ఎల్లస్వామి మేకు మీది తీగ తీసి, బొడిపెలకు అటూ ఇటూ, మళ్ళీ అటూ ఇటూ తాకించాడు. ఏ మెరుపూ లేదు. ముందుగా తన చేతినే వాటి మీద పెట్టి చూపించాడు. అప్పుడు పక్కకు జరిగాడు.

చిన్న ఇంజను చక్రం మీద ఆరేసినట్టు ఉన్న కురుమయ్య తువ్వాలను నాగులమ్మ తీసుకుంది. దిమ్మె ఎక్కి, డబ్బా పక్కలు తుడిచింది, పింగాణీ కుదుళ్ళు తుడిచింది. చివరి బొడిపె తుడిచింది. నడిమిదాని మీద అడ్డంగా గీసుకుపోయిన ఎర్రటి మరకను ఉమ్మితో తడిపి, రుద్ది రుద్ది తుడిచింది. మొదటిదాని దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. కాసేపు చూసి, దాన్ని అట్లాగే వదిలి దిగింది.

పెద్ద ఇంజను అందుకుంది. బోర్డు మీద ముల్లు ఎర్ర గీతకు ఇవతల నిలబడింది. రెండు ఇత్తడి బొడిపెలు తుడిచిన మెరుపుతో ఉన్నాయి, మొదటిదాని మీద కొంచెం నల్లబడి, అంచులు పగిలి, ఆయన పెట్టిన బొట్టు ఉంది.